పహిల్వాన్ పదవీ స్వీకారం

ప్రజాస్వామ్యం అంటే ఏమిటో పంజరంలో పెట్టి చూపిస్తానని సంతోష్‌నగర్ డివిజన్ పార్టీ అధ్యక్షులూ, మా ఇంటి ఓనరూ అయిన వైకుంఠం గారు విలేకరుల సమావేశంలో ప్రకటించారు. విలేకరులు అన్నాను గానీ వచ్చింది ఒక్కరే. ఆయన కూడా ఉస్మానియా బిస్కెట్ల ప్లేటు ఖాళీ కాగానే పెన్నుకి మూత పెట్టేశాడు. మిగిలిన కుర్చీల్లో ఆటోస్టాండు వాళ్లూ, మహిళా విభాగం వాళ్లూ, పై వాటాలో అద్దెకుంటున్న నేనూ కూర్చుని పత్రికారంగం లేని లోటు తెలియకుండా చేశాం.

ఆ ప్రకటన చేయడానికి వైకుంఠం గారికి కారణం ఉంది. అది రెండువేల ఒకటో సంవత్సరం చివర. ఎన్నో ఏళ్లకి కార్పొరేషన్ ఎన్నికలు వస్తున్నాయి. కార్పొరేటర్ టికెట్ వైకుంఠం గారికే ఖాయమని డివిజన్‌లో అందరికీ తెలుసు, ఆయనే అందరికీ చెప్పారు కనక. ఇంతలో ఎవరో గిట్టనివాళ్లు సంతోష్‌నగర్ పార్టీలో బోలెడు గ్రూపులున్నాయని పైకి మోశారు. ఇది పచ్చి అబద్ధం. ఉన్నవి రెండే. ఒకటి వైకుంఠం గారిది, రెండోది పక్క గల్లీ ఆగయ్యది. సంగతి తేల్చడానికి సిటీ కమిటీ నుంచి పరిశీలకురాలిగా నాగమణమ్మ గారు వస్తారనీ, ఐక్యత ఎవరి దగ్గర కనపడితే టికెట్ వాళ్లకి ఇస్తారనీ కబురొచ్చింది.

“ఐక్యత కండ్లకు కానరాదు గద ప్రసాద్ సాబ్. కానొచ్చేటట్టు మనమే జెయ్యాలె,” అన్నారు వైకుంఠం గారు నాతో.

నా పేరు కృష్ణప్రసాద్. మాది బందరు వైపు. ఓ ప్రభుత్వ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. వైకుంఠం గారికి కావలసిన ప్రకటనలు, తీర్మానాలు, సంతాపాలు అన్నీ నేనే రాసిపెడతాను. రాసి తీరాలని ఆయన నన్ను ఏనాడూ ఒత్తిడి చేయలేదు. నీళ్ల మోటారు స్విచ్చి మాత్రం వాళ్ల వాటాలో ఉంది.

అలా పుట్టింది ఐక్యతా పంజరం. పార్టీ ఆఫీసుగా వాడుకునే కింది హాల్లో గోడ పొడుగునా ఇనప జాలీతో వెల్డింగు చేయించారు. పైన కరచాలనం చేస్తున్న రెండు చేతులు ఉండాలని ధూల్‌పేట్‌లో ఆర్డరిచ్చారు. అక్కడివాళ్లు వినాయకుడి చేతులు పోసే అచ్చులోనే వీటినీ పోయడం వల్ల ఒక చేతిలో లడ్డూ ఉండిపోయింది. దాన్ని సంక్షేమానికి గుర్తుగా అర్థం చేసుకోవాలని వైకుంఠం గారు కార్యకర్తలకు వివరించారు.

పంజరంలోకి డివిజన్‌లోని ప్రతి వర్గం నుంచీ ఒక లవ్‌బర్డ్‌ను పంపాలని పిలుపునిచ్చారు. ఆటోస్టాండు వాళ్లు పసుపుపచ్చ పిట్టను ఇచ్చారు. మహిళా విభాగం జంటను ఇచ్చింది. భజనమండలి ఒక ముసలి పిట్టను తెచ్చి వదిలి తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. ఉద్యోగుల తరఫున ఎవరూ లేరే అని దిగులుపడి వైకుంఠం గారు స్వయంగా మా మెట్లెక్కి వచ్చారు.

మా ఆవిడ కమలకుమారికి ఒక తెల్లపిట్ట ఉంది. ఈకలు కూడా సరిగా రాని పిల్లప్పుడు తెచ్చి, చెంచాతో జావ పట్టి పెంచింది. తెల్లగా, గుండ్రంగా ఉంటుందని ఇడ్లీ అని పేరు పెట్టింది. పొద్దున వంట చేస్తున్నంతసేపూ అది ఆవిడ భుజం మీద కూర్చుని పోపు చిటపటలకు బదులు పలికేది. ఆవిడ నాతో మాట్లాడే మాటలకంటే దానితో మాట్లాడేవే ఎక్కువ. వాటిలో మంచి మాటలు కూడా ఎక్కువే.

“జర కొద్ది దినాలు చెల్లెమ్మా. మేడం వచ్చి చూసిపోతనే నీ పిట్ట నీకు. ఫికర్ చెయ్యకు,” అన్నారు వైకుంఠం గారు.

కమలకుమారి నా వైపు చూసింది. నేను నీళ్ల ట్యాంకు వైపు చూశాను. ఇడ్లీ కిందికి వెళ్లింది.

చివరికి ఆగయ్య వచ్చాడు. ఆగయ్య ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఆయన చుట్టూ ఉండే కుర్రాళ్లను చూస్తే ఎదుటివాళ్లకి కూడా ఎక్కువ మాట్లాడాలనిపించదు. డప్పు కొట్టించుకుంటూ వచ్చి, గుడ్డ కప్పిన చిన్న పంజరాన్ని బల్ల మీద పెట్టాడు. గుడ్డ తీస్తే లోపల మెడ బిర్రుగా పెట్టుకుని ఒక నీలం పిట్ట.

“మా గల్లీ తరఫున, అన్నా. ముర్గీచౌక్ పిట్టల బజార్ల తెచ్చిన. పేరు పహిల్వాన్. మంచిగ చూస్కోండ్రి. దానికి తక్కువ జేస్తే మాకు తక్కువ జేసినట్టే.”

“గట్లెందుకైతది తమ్మీ! మన పిల్లగాడే,” అన్నారు వైకుంఠం గారు. ఇద్దరూ కౌగిలించుకున్నారు. ఫోటో తీశారు. ఆ క్షణంలో సంతోష్‌నగర్‌లో ఒక్క గ్రూపు కూడా లేదని నేను ప్రకటనలో రాశాను.

పహిల్వాన్ లోపలికి వెళ్లి చుట్టూ ఒకసారి చూశాడు. తిన్నగా కొర్రల గిన్నె అంచు మీద వాలాడు. తినలేదు. ఊరికే కూర్చున్నాడు. ఆటోస్టాండు పిట్ట గిన్నె దగ్గరికి రాగానే కాలు పట్టి కొరికాడు. మహిళా విభాగం జంటను చెరో మూలకీ తరిమాడు. భజనమండలి ముసలిది ఎటూ కదలకపోయినా ముందుజాగ్రత్తగా ఒకటి పొడిచాడు. తర్వాత పైకొమ్మ మీదికి ఎగిరి, ఇడ్లీ కూర్చుని ఉంటే దిగేదాకా నెత్తి మీద పొడిచాడు. సాయంత్రానికి పిట్టలన్నీ ఒక మూల చేరాయి, గిన్నే మిగతా పంజరమూ పహిల్వాన్‌వి అయ్యాయి.

మూడోనాటికి ఇడ్లీ నెత్తిన ఈకలు పోయి గులాబీరంగు చర్మం కనిపించింది. కమలకుమారి చూసి ఏడుస్తూ పైకొచ్చింది.

“ఏమండీ, ఆ నీలందాన్ని తీసి వేరే పంజరంలో పెట్టమని చెప్పండి. కొన్నాళ్లు విడిగా ఉంటే దాని పొగరు దిగుతుంది. ఇంతోటి దానికి ఏమాలోచన?”

నేను వెళ్లి చెప్పాను. వైకుంఠం గారు పక్కింటివాళ్లకి వినపడుతుందేమోనని కిటికీ మూశారు.

“ఏం మాట సాబ్ గది! వేరే పంజరమా? గది ఆగయ్య పంపిన పిట్ట. దాన్ని బయటికి తీస్తే ఆగయ్యను బయటికి పంపినట్టే. రేపు మేడం వస్తది, రెండు పంజరాలు చూస్తది. ఇది చీలిక గాదా అంటది. నా టికెట్ ఏమైతది?”

“పోనీ, మా ఇడ్లీని తీసుకెళ్లిపోతాం.”

“గప్పుడు ఉద్యోగులు పార్టీని ఇడిసిపెట్టి పోయినట్టు!”

ఇంత లోతుగా నేను ఆలోచించలేదు. ఒక పిట్టను పంజరం మార్చడంలో ఇంత రాజనీతి ఉంటుందని మా బందరులో ఎవరికీ తెలియదు.

అయినా వైకుంఠం గారు చేతులు ముడుచుకుని కూర్చునే నాయకులు కారు. నిజనిర్ధారణ కమిటీ వేశారు. ఆటోస్టాండు ఎల్లయ్య దానికి అధ్యక్షుడు. సభ్యులు పంజరం ముందు కుర్చీలు వేసుకుని, చాయ్ తాగుతూ ఒక మధ్యాహ్నమంతా పరిశీలించారు. ఆ సమయంలో పహిల్వాన్ నిద్రపోయాడు. హింసాత్మక సంఘటనలు ఏవీ తమ దృష్టికి రాలేదనీ, అన్ని పక్షాలూ సంయమనం పాటించాలనీ కమిటీ తేల్చింది. తెల్లపిట్ట తన బోడితలను పదేపదే చూపుతూ సభ్యులను భావోద్వేగానికి గురిచేసే ప్రయత్నం చేసిందని కూడా నమోదు చేసింది. ఆ వాక్యం నేనే రాశాను. ఎల్లయ్యకి చాలా నచ్చి మళ్లీ ఒకసారి చదివించుకున్నాడు.

కమలకుమారికి మాత్రం నచ్చలేదు. ఆ పూట నాకు కూర లేకుండా అన్నం పెట్టి, తను కిందికి వెళ్లి పంజరంలో ఆ మూలన ఇంకో గిన్నె పెట్టి వచ్చింది. పిట్టలన్నీ ఎగబడి తిన్నాయి. పహిల్వాన్ అటూ ఇటూ పరుగులు పెట్టాడు గానీ ఏకకాలంలో రెండు గిన్నెల మీద కూర్చోలేకపోయాడు. ఒక రోజంతా పంజరం కళకళలాడింది.

మర్నాడు తన పిట్ట క్షేమం కనుక్కోవడానికి ఆగయ్య వచ్చాడు. కొత్తగిన్నె చూసి ఆగిపోయాడు.

“గిదేంది అన్నా? రెండు గిన్నెలా?”

“పిట్టలకు... జర సౌలతు కోసం...”

“ఒక పార్టీకి రెండు గిన్నెలుంటయా? మీ గిన్నె వేరే, మా గిన్నె వేరేనా? గిట్ల గ్రూపులు నడుపుతుండ్రని మేడంకు నేనే చెప్త.”

వైకుంఠం గారు ఆ గిన్నెను అక్కడికక్కడే తీయించి, దాన్ని పెట్టినవాళ్లు ఎవరైనా సరే ఉపేక్షించేది లేదని ప్రకటించారు. ఆ ప్రకటన రాస్తున్నంతసేపూ పెట్టిన మనిషి నా వెనకే నిలబడి ఉంది.

కింది వాటాలో సక్కుబాయి గారు మనసున్న మనిషి. వైకుంఠం గారి భార్య. మధ్యాహ్నాలు హాల్లో ఎవరూ లేనప్పుడు కమలకుమారి గుప్పిట్లో కొర్రలు తీసుకెళ్లి జాలీలోంచి ఇడ్లీకి పెడుతుంటే, ఆవిడ గడప దగ్గర నిలబడి కాపలా కాసేది.

“ఈ టికెట్ పాడుగాను. నా పెనిమిటికి తిండి నిద్ర లేదు, నీ పిట్టకు తిండి లేదు. జర సబర్ జెయ్యి చెల్లె. మేడం పోతనే నా చేతుల్తోని తీసి నీకిస్త,” అనేది సక్కుబాయి గారు.

“అందాకా బతికుంటుందా వదినగారూ?”



నాగమణమ్మ గారు వచ్చే రోజు దగ్గర పడింది. పంజరంలో కొట్లాట మాత్రం ఆగలేదు. వైకుంఠం గారు పంజరం ముందు పచార్లు చేశారు. అలా పచార్లు చేస్తూ ఉన్నట్టుండి ఆగి, గోడకి ఉన్న తమ పాత ఫోటోను చూశారు. అందులో ఆయన వయసులో ఉన్నారు. జేబుకి రిబ్బను బ్యాడ్జీ ఉంది.

“దొరికింది సాబ్! నేను లీడర్ ఎట్లయిన్నో మీకు ఎరుకేనా?”

ఎరుక లేదన్నాను.

“చిన్నప్పుడు నేను మస్తు లొల్లి జేసేటోన్ని. బంద్ అంటే సాలు, బజార్ల కూరగాయల బండ్లు బోర్లేసేటోన్ని. పోలీసోళ్లు పట్టుకపోయి ఠాణాల బెంచి మీద కూసోబెట్టేటోళ్లు. ఒకసారి పండుగల ముంగట ఇన్‌స్పెక్టర్ సాబ్ పిలిచి, చాయ్ తాపి, నువ్వు శాంతి కమిటీ మెంబర్‌వు అన్నడు. బ్యాడ్జి పెట్టిండు. గదే ఠాణాల బెంచి మీదికెళ్లి లేసి కుర్సీల కూసున్న.”

“మరి బండ్లు బోర్లేయడం?”

“బందే సాబ్. బోర్లేసే పనే లేకపాయె. నన్ను చూస్తనే బండ్లోళ్లే జరిగిపోయేటోళ్లు.”

పాతబస్తీలో ప్రతి మొహల్లా శాంతి కమిటీకీ ఈ చరిత్ర ఉందని నాకు తర్వాత తెలిసింది. శాంతిని ఎవరు చెడగొట్టగలరో వాళ్ల చేతిలోనే దాన్ని పెట్టడం ఇక్కడి పద్ధతి. దీన్ని పిట్టలకు వర్తింపజేసిన మొదటి నాయకుడు మాత్రం మా ఓనరు గారే.

పంజర శాంతి కమిటీ ఛైర్మన్‌గా పహిల్వాన్ పదవీ స్వీకారం శుక్రవారం ఉదయం జరిగింది. కొర్రల గిన్నెకి సరిగ్గా పైన, చిన్న ఇత్తడి ఉయ్యాల కుర్చీ వేలాడదీశారు. అది సక్కుబాయి గారి దేవుడి గూట్లో బాలకృష్ణుడిది. స్వామిని తాత్కాలికంగా కింద పెట్టారు. తీర్మానం నేను చదివాను. గిన్నె బాధ్యతలు ఇకపై ఛైర్మన్ గారే చూస్తారనీ, సభ్యులు వారి సేవలను వినియోగించుకోవాలనీ అందులో ఉంది. వైకుంఠం గారు రిబ్బను ముక్క కట్టబోతే పహిల్వాన్ ఆయన బొటనవేలు పట్టుకుని వదల్లేదు. రక్తం కారింది.

“షేక్‌హ్యాండ్ ఇస్తున్నడు, ఫోటో తీయ్ ఫోటో తీయ్!” అన్నాడు ఎల్లయ్య.

చప్పట్లు మోగాయి. ఆగయ్య అందరికీ లడ్డూలు పంచాడు. బొటనవేలికి కట్టుతోనే వైకుంఠం గారు ప్రసంగించి, త్యాగం లేనిదే ఐక్యత లేదన్నారు.

ఆ రోజు నుంచి పంజరంలో కొట్లాటలు ఆగిపోయాయి. ఇది నేను పొగడ్తకి చెప్పడం లేదు. ఉయ్యాల కుర్చీ గిన్నెకి అడ్డంగా ఉండటంతో మిగతా పిట్టలు అటువైపు రావడమే మానేశాయి. పహిల్వాన్ తాను తింటూ, విసుగు పుట్టినప్పుడు ముక్కుతో కొర్రలు కిందికి చిమ్మేవాడు. ఆయన తల తిప్పుకున్నాక పిట్టలు ఒక్కొక్కటిగా నేల మీదికి దిగి, పడినవి ఏరుకుని మళ్లీ మూలకి వెళ్లిపోయేవి. ముందు హాలంతా కిచకిచలతో మోగిపోయేది. ఇప్పుడు ఫ్యాను చప్పుడు స్పష్టంగా వినపడుతోంది.

“చూసిండ్రా సాబ్. పై నుంచి కిందికి ఎట్ల అందుతుందో. ఎవ్వడన్న లొల్లి జేస్తున్నడా?” అని వైకుంఠం గారు మురిసిపోయారు.

“ఏమండీ, వాటికి అరిచే ఓపిక లేదు. అంతే,” అంది కమలకుమారి పైకి వచ్చాక. ఇడ్లీ సగానికి చిక్కిపోయిందనీ, జాలీ దగ్గరికి పిలిచినా రావడం లేదనీ చెప్పింది. చెబుతూ పొయ్యి గట్టు మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయింది. ఇడ్లీ లేని భుజం వైపు తల కొంచెం వంచి ఉండటం నేను గమనించాను. నాకూ బాధేసింది. బాధేసినప్పుడల్లా నేను ఇంకాస్త మంచి ప్రకటన రాస్తాను.

అలా వచ్చింది నాగమణమ్మ గారి రోజు. ఆవిడ జరీచీర, నల్లకళ్లద్దాలు, వెనక ఇద్దరు మనుషులతో హాల్లోకి వచ్చి పంజరం ముందు నిలబడ్డారు. పహిల్వాన్ ఇత్తడి కుర్చీలో ఉన్నాడు. మిగతా పిట్టలు మూలన ఒకదానికొకటి ఆనుకుని వరసగా ఉన్నాయి.

“అబ్బ! ఏం క్రమశిక్షణ. మా సిటీ కమిటీ మీటింగుల గూడ ఇట్ల కూసోరు,” అన్నారావిడ.

వైకుంఠం గారి కళ్లు చెమర్చాయి.

“ఈ తెల్లదాని తల ఏమైంది?”

 కమలకుమారి నోరు తెరిచింది. వైకుంఠం గారు ఒక అడుగు ముందుకేశారు.

“మొక్కు మేడం. పార్టీ గెలవాలని తిరుపతి మొక్కు. ముందే తీపిచ్చినం.”

నాగమణమ్మ గారు నల్లకళ్లద్దాలు తీసి ఇడ్లీకి నమస్కారం పెట్టారు.

సరిగ్గా అప్పుడే బయట డప్పులు మొదలయ్యాయి. ఆగయ్య జిందాబాద్ అని అరుపులు వినిపించాయి. ఒక ప్లాస్టిక్ కుర్చీ గేటు మీదుగా ఎగిరొచ్చి తులసికోట పక్కన పడింది. ఆ తర్వాత ఇంకొకటి పడింది. డ్రైవరు లోపలికి వచ్చి, కారు టైర్లలో గాలి తీసేస్తున్నారని చెప్పాడు.

“ఎవరయ్యా వాడు?”

“మన ఆగయ్యనే మేడం. మనోడే. జర ఉత్సాహం ఎక్కువ,” అన్నారు వైకుంఠం గారు. సభ పాడవుతుందేమోనని ఆయన గొంతు పెంచి, పంజరం వైపు తిప్పారు మాటను. “ఈ నీలందాన్ని చూడుండ్రి మేడం. మొదట్ల ఇది గూడ గిట్లనే ఉండె. అందరిని కరిసేది. వేరేటోళ్లయితే బయటికి తోలుదురు. నేను తోలలే. పెద్ద కుర్సీ ఇచ్చిన. గిన్నె చేతికిచ్చిన. లొల్లి ఖతం. ఇప్పుడు చీమ చిటుక్కుమంటలేదు.”

నాగమణమ్మ గారు పిట్టను చూశారు. తులసికోట పక్కన పడ్డ కుర్చీలను చూశారు. మూలన కిక్కురుమనకుండా ఉన్న మిగతావాటిని చూశారు. చివరికి వైకుంఠం గారిని చూశారు.

“మళ్లొక్కసారి చెప్పు వైకుంఠం.”

వైకుంఠం గారు మళ్లీ చెప్పారు. ఈసారి ఇంకా బాగా చెప్పారు. నాగమణమ్మ గారు ఆయన భుజం తట్టి, ఇంత అనుభవం ఉన్న మనిషిని పార్టీ మరచిపోదని చెప్పి, ఆటోలో వెళ్లిపోయారు.

టికెట్లు ప్రకటించారు. సంతోష్‌నగర్ డివిజన్ టికెట్ ఆగయ్యకి వచ్చింది. వైకుంఠం గారిని శాంతి సమన్వయ సంఘానికి గౌరవ సలహాదారుగా వేశారు. దాన్ని స్వాగతిస్తూ ప్రకటన రాయడానికి కిందికి వెళితే, ఆయన లుంగీ బనీనులో పంజరం ముందు కూర్చుని ఉన్నారు. బొటనవేలి కట్టు ఇంకా విప్పలేదు. సక్కుబాయి గారు పెట్టిన చాయ్ మీద తొరక కట్టింది.

“ఇరువై ఏండ్లయింది సాబ్ నేను ఒక్క బండి బోర్లెయ్యక. ఒక్క కుర్సీ గూడ ఇరగ్గొట్టలే. గదే తప్పయింది,” అన్నారు.

 ఆయన మీద నాకు నిజంగా జాలేసింది. ప్రకటనలో మాత్రం ఆయన హర్షం వ్యక్తం చేశారని రాశాను.

మధ్యాహ్నం ఆగయ్య ఊరేగింపుగా వచ్చాడు. ఐక్యతా పంజరం పార్టీ ఆస్తి కాబట్టి అభ్యర్థి ఆఫీసులో ఉండాలన్నాడు. బయట ట్రాలీ ఆటో సిద్ధంగా ఉంది. మెడలో దండలతోనే పంజరం దగ్గరికి వచ్చి ఒక్క నిమిషం చూశాడు. చేతికి తువ్వాలు చుట్టుకుని తలుపు తెరిచాడు. పహిల్వాన్‌ను లటుక్కున పట్టి, తాను తెచ్చిన చిన్న పంజరంలో వేసి గడియ పెట్టాడు.

“గిసుంటోన్ని అందరి నడుమ ఎట్ల పెట్టిండ్రు అన్నా ఇన్ని దినాలు? చంపుతది గద! వేరేగ పెట్టాలె అని చిన్నపోరగాన్ని అడిగినా చెప్తడు,” అన్నాడు.

వైకుంఠం గారు కట్టు కట్టిన బొటనవేలును చూసుకున్నారు.

“దుకాణంల గూడ ఇది నాలుగింటిని కరిసింది. గందుకే గద ఏరి ఏరి తెచ్చిన,” అన్నాడు ఆగయ్య ఎంతో ఆప్యాయంగా.

సక్కుబాయి గారు ఎవరి పర్మిషన్ కోసమూ ఆగలేదు. తెరిచి ఉన్న తలుపులోంచి చెయ్యి పెట్టి, ఇడ్లీని తీసి, కమలకుమారి దోసిట్లో పెట్టింది. ఆగయ్య కుర్రాళ్లు ముందుకు వచ్చారు. ఆగయ్య వాళ్లను వారించాడు.

“తీస్కపో అక్కా, తీస్కపో. మీ ఓటు యాదుంచుకోండ్రి.” ఫోటో తీశారు. అభ్యర్థి పక్షులకు స్వేచ్ఛ ప్రసాదించారని ఆ సాయంత్రమే ఆగయ్య మనుషులు నాతో రాయించారు.

కమలకుమారి ఇడ్లీని చీరకొంగులో పొదువుకుని మెట్లెక్కింది. బాల్కనీలో దాని పాత పంజరం కడిగి ఆరబెట్టి ఉంచింది ఎప్పటినుంచో. గిన్నె నిండా కొత్తకొర్రలు పోసింది. పక్కన కొత్తిమీర కట్ట పెట్టింది. ఇడ్లీని లోపల వదిలి, ఇద్దరం పక్కన కూర్చున్నాం.

ఇడ్లీ కొమ్మ మీదికి ఎక్కలేదు. గిన్నె వైపు వెళ్లలేదు. పంజరం అడుగున ఒక మూలకి ఒదిగి, మెడ పైకెత్తి చూస్తూ ఉండిపోయింది.

“తినవే తల్లీ. ఇక్కడెవరూ లేరు. అంతా నీదే,” అంది కమలకుమారి. గిన్నెను ముక్కు దాకా జరిపింది. ఇడ్లీ వెనక్కి వెనక్కి జరిగింది. కమలకుమారి కళ్లలో నీళ్లు తిరిగాయి.

కింద ఊరేగింపు బయల్దేరింది. ముందు ట్రాలీ మీద ఐక్యతా పంజరం, పైన లడ్డూ పట్టుకున్న చేతులు. వెనక జీపు. జీపు బానెట్ మీద చిన్న పంజరంలో పహిల్వాన్, దానికీ ఒక బంతిపూల దండ. జీపులో ఆగయ్య నిలబడి, మెడ నిండిపోతే దండలు తీసి జనం మీదికి విసురుతున్నాడు. మా గేటు దగ్గరికి వచ్చేసరికి ఒక దండ తీసి ఇటువైపు విసిరాడు. అది గేటులో నిలబడ్డ వైకుంఠం గారి కాళ్ల దగ్గర మట్టిలో పడింది.

వైకుంఠం గారు అటూ ఇటూ చూశారు. జీపు కాస్త ముందుకు పోయేదాకా ఆగారు. అప్పుడు వంగి, దండ తీసి, మట్టి దులిపి మెడలో వేసుకున్నారు. జీపు వెళ్లిన వైపు చెయ్యెత్తి ఊపారు.

కమలకుమారి కొంగుతో కళ్లు తుడుచుకుంది. పంజరంలోని గిన్నెను బయటికి తీసేసింది. అందులోంచి చిటికెడు కొర్రలు తీసుకుని పై జాలీలోంచి కిందికి వదిలింది.

ఇడ్లీ మూల నుంచి వచ్చి, తల వంచుకుని, ఒక్కొక్కటే ఏరుకుని తిన్నది.